చామంతిని వేసవి దాటించడం: పాత కుండీయా, పిలకలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్‌ వైపు చామంతికి చలితో పేచీ లేదు, గండమంతా ఏప్రిల్, మే ఎండలదే. పూలు అయిపోగానే కాండాలను జానెడు ఎత్తుకు కత్తిరించడం ఎలాగూ తప్పదు.

తల్లి మొక్కను పాత కుండీలోనే ఉంచితే పని తక్కువ. కానీ వేర్లు కిక్కిరిసి, మధ్య కాండం కట్టెబారుతుంది; వానలకు నీరు నిలిచిందా, మొదలు కుళ్లుతుంది.

పిలకలైతే ఫిబ్రవరిలో వేర్లతో సహా విడదీసి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమంగా కలిపిన 6 అంగుళాల కుండీలో ఒక్కొక్కటి నాటాలి. పొద్దుటి ఎండ మాత్రమే తగలాలి. చిన్న కుండీ త్వరగా ఆరుతుంది కనుక మేలో రెండు పూటలా నీళ్లు చూసుకోవాలి. అయినా మా ఓటు వీటికే: జూలైలో వీటి కొనలు 3 అంగుళాలు తుంచి తడి ఇసుకలో గుచ్చితే సుమారు 3 వారాల్లో వేళ్లూనుతాయి. వేసవిలో ఊళ్లో ఉండనివారికి మాత్రం పాత కుండీయే నయం.