ఐదు వందలకు ప్రహ్లాద్ పాఠం

మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా దగ్గర ఆదివారం పెట్టిన బిజినెస్ స్ట్రాటజీ క్లాసుకు ఐదు వందలు కట్టి పోయాను, మాది చిన్న గానుగ నూనె దుకాణం. పొద్దుటి గంటన్నర మాత్రం పైసా వసూల్. సార్ మొత్తం సి.కె. ప్రహ్లాద్ గురించే చెప్పారు: కోయంబత్తూరులో పుట్టి, అహ్మదాబాద్ ఐఐఎంలో చదివి, హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి, మిషిగన్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే పెద్ద పెద్ద కంపెనీలకు సలహాలిచ్చిన మనిషి. 1990లో గ్యారీ హామెల్ అనే మరో మేనేజ్‌మెంట్ నిపుణుడితో కలిసి కోర్ కాంపిటెన్స్ మీద వ్యాసం రాశారు, అంటే మన చేయి తిరిగిన పని మీదే నిలబడాలని. అగరుబత్తీలు, పచ్చళ్లు అమ్ముకుంటూ గానుగను వదిలేసిన నాకు కొంచెం సిగ్గేసింది. మధ్యాహ్నం దండగ. స్లైడ్లు చదవడమే, పైగా ఆరు వేల కోర్సులో చేరమని ఒకటే పోరు. ఛాయ్ కూడా ఒక్కసారే. పోతే పొద్దున పోయి, భోజనం టైమ్‌కు ఇంటికొచ్చేయండి.