కార్తీక వనభోజనాలకు బెంగళూరు చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మేలు?

కార్తీకం దగ్గర పడుతోందంటే బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. ఈసారి వనభోజనాలు ఎక్కడ? చిన్నపిల్లలున్నవాళ్లు ఇంటికి దగ్గర్లో ఏదైనా చెరువు పార్కు చాలంటారు. కుర్రకారుకు గుడారాలు వేసుకుని రాత్రంతా ఉండే చోటు కావాలి. పెద్దవాళ్ల మాట వేరు. చెట్టు కింద పొయ్యి వెలిగించి వండుకోకపోతే అవి వనభోజనాలెలా అవుతాయని వాళ్లు అడుగుతారు, న్యాయమే మరి. ఈ మూడు కోరికలూ ఒకేచోట తీరాలని పట్టుబడితే చివరికి ఎవరికీ తృప్తి ఉండదు. అందుకే చోటు చూసే ముందు నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: అక్కడ పొయ్యి వెలిగించనిస్తారా? దానికి జవాబు దొరికితే మిగతావి వాటంతటవే తేలిపోతాయి.

ఊళ్లోని చెరువులతో మొదలుపెడదాం. సర్జాపుర రోడ్డు మీదున్న కైకొండ్రహళ్లి చెరువు నాకు బాగా ఇష్టం. విస్తీర్ణం 48 ఎకరాలు. పాడుబడిపోయిన ఈ చెరువును చుట్టుపక్కల జనం పట్టుబట్టి, నగరపాలక సంస్థతో కలిసి బాగు చేయించుకున్నారు. ఆ తర్వాత దాని బాగోగుల్లో స్థానికుల ట్రస్టూ చేయి వేసింది. చుట్టూ నడకదారి, పిల్లలు కూర్చుని పాటలు పాడుకోవడానికి మెట్ల వేదిక, నీళ్లలో గూడబాతులు, కొయ్యల మీద రెక్కలారబెట్టుకుంటూ నీటికాకులు. బెళ్లందూరు, మారతహళ్లి, హెచ్ఎస్ఆర్ లేఔట్ వాళ్లకు ఆటో దూరమే. వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వాళ్లకు ఆ ట్రాఫిక్ కష్టమనిపిస్తే పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి హలసూరులో దిగి ఉల్సూరు చెరువుకు వెళ్లొచ్చు. పెద్దవాళ్లను కార్లలో గంటల తరబడి కూర్చోబెట్టే బాధ తప్పుతుంది.

కానీ చెరువు పార్కుల్లో పొయ్యి కుదరదు. గ్యాసు స్టవ్వు గానీ మైకు గానీ తెస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, ఆపాలి కూడా. అది పక్షులు గుడ్లు పెట్టుకునే చోటు, పొద్దున్నే వేలమంది నడకకు వచ్చే చోటు. చాలా చెరువుల గేట్లు ఉదయం, సాయంత్రం వేళల్లోనే తెరుస్తారు కాబట్టి మధ్యాహ్నం పంక్తి భోజనాల ఆశ వదులుకోవాల్సిందే. అందుకే పార్కును ఎంచుకున్నవాళ్లు పొద్దుటి ఫలహారానికి కలవండి. పదీ పదిహేను మంది, ఇళ్లలో వండుకొచ్చిన పులిహోర, దద్దోజనం, ఒక డబ్బా నిండా కొబ్బరిలౌజు. తినడానికి లోపల అనుమతి లేకపోతే నడక, పాటలు అక్కడ కానిచ్చి, ఫలహారం ఎవరో ఒకరి మేడ మీద పెట్టుకోవచ్చు. ఉసిరిచెట్టు లేదన్న బెంగ వద్దు. మార్కెట్లో ఉసిరి కొమ్మ దొరుకుతుంది, దాన్ని కుండలో నిలబెట్టి పూజ చేసుకునే అలవాటు నగరాల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

ఆడవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పోలి పాడ్యమికి అరటి దొప్పల్లో దీపాలు వదలాలని ఉంటుంది. నగరంలోని చెరువులో నూనె, ఒత్తులు, అగ్గిపుల్లలు వదిలితే అవన్నీ తూము దగ్గరకో రెల్లు పొదల్లోకో చేరి కుళ్లిపోతాయి. సాంకీ, ఉల్సూరు, యడియూరు లాంటి చెరువుల పక్కన విగ్రహాల నిమజ్జనానికి విడిగా కల్యాణులు, అంటే చిన్న కోనేళ్లు, కట్టారు. దీపాలకు వాటిని వాడుకోనిస్తారేమో ముందే కనుక్కోండి. లేదంటే ఇంట్లో వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి వదిలినా దేవుడు కాదనడు.

రాత్రి బస కావాలనే వాళ్లు ముందు అడిగేది మంచనబెలె. తిప్పగొండనహళ్లి జలాశయానికి దిగువన అర్కావతి మీద కట్టిన ఆనకట్ట అది, నగరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ఎలక్ట్రానిక్ సిటీ వైపు నుంచి నైస్ రోడ్డు పట్టుకుని మాగడి రోడ్డులో దిగితే ఊరు మధ్యలోంచి పోయే అవస్థ ఉండదు. రామోహళ్లి మీదుగా వెళితే దారిలో దొడ్డ ఆలద మర కనిపిస్తుంది. మూడెకరాల మేర ఊడలు దిగిన నాలుగొందల ఏళ్ల మర్రి అది. కోతులు చేతిలో సంచీ ఉంచనివ్వవు, అంతకు మించి భయం లేదు. జలాశయం చేరాక మాత్రం ఆ అందానికి మాటలు చాలవు. చుట్టూ రాతి గుట్టలు, దూరంగా 1226 మీటర్ల సావనదుర్గ, సాయంత్రానికి నీళ్ల మీద ఆ గుట్టల నీడలు. వెనుక నీళ్ల ఒడ్డున ప్రైవేటు క్యాంపులు గుడారాలు, భోజనం, కయాకింగ్ అన్నీ కలిపి మనిషికి ఇంత అని తీసుకుంటాయి.

ఇక్కడ పొయ్యి ఉంటుంది, కానీ మన చేతిలో ఉండదు. రాత్రి నెగడు వేసేదీ బార్బెక్యూ కాల్చేదీ వాళ్లే. ప్యాకేజీలో సాధారణంగా చికెన్ ఉంటుంది. కార్తీకంలో మాంసం ముట్టని వాళ్లకు, సోమవారం ఉపవాసం ఉండి నక్షత్రం చూశాకే తినేవాళ్లకు అదే జాలీ మీద కాల్చిన పనీరు ముందుపెడితే ఏం బాగుంటుంది? వేరే జాలీ, వేరే గిన్నెలు కావాలని డబ్బు కట్టకముందే చెప్పి, మెసేజ్‌లో రాయించుకోండి. పాటల సంగతీ అప్పుడే తేల్చుకోవాలి. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. మేం దిగిన ఒక క్యాంపులో పక్క బృందం కోసం అర్ధరాత్రి దాటేదాకా డీజే మోగిస్తూనే ఉన్నారు. పసిపిల్లల తల్లులు గుడారాల్లోంచి లేచొచ్చి కార్లలో పడుకున్నారు. ఆ రాత్రి నిర్వాహకుల దగ్గర మా మాట చెల్లలేదు.

చలి ఒక ఎత్తు, తేమ ఒక ఎత్తు. కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే బెంగళూరులో రెండు మూడు రోజులు ముసురే. వాన లేకపోయినా నీటి ఒడ్డున గుడారంలో తెల్లవారుజాముకు లోపలి గుడ్డ మీద చెమ్మ పడుతుంది. లోపల పడుకున్నవాళ్ల ఊపిరి చల్లటి గుడ్డకు తగిలి బొట్లు బొట్లుగా దిగి, పక్కకు ఒత్తిగిల్లితే భుజానికి అంటుకుంటుంది. జిప్పులు బిగించేకొద్దీ చెమ్మ ఎక్కువవుతుంది. దోమతెర ఉన్న కిటికీలు రెండు వైపులా తెరిచి ఉంచి, గుడారాన్ని నీటికి నాలుగడుగులు ఎత్తున్న నేల మీద వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యలు, బాబాయిలు నేల మీద పరుపులోంచి రాత్రి రెండింటికి లేచి, టార్చి పట్టుకుని దూరంగా ఉన్న బాత్రూముకు వెళ్లాల్సి రావడం ఊహించుకోండి. నేనైతే వాళ్లను గుడారాల బసకు తీసుకెళ్లను.

నీళ్ల విషయంలో మొహమాటం పనికిరాదు. మంచనబెలెలో సరదాగా దిగి మునిగిపోయిన కుర్రాళ్ల వార్తలు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. ఒడ్డున మోకాలి లోతే ఉంటుంది, రెండడుగులు వేస్తే బండ అంచు దాటి కాలు కింద నేలే ఉండదు. మెత్తటి ఒండ్రులో కాలు దిగబడితే ఈత వచ్చినవాడికీ బయటపడటం కష్టం. లైఫ్ జాకెట్ వేసుకుని, క్యాంపు మనిషి వెంట ఉండగా పడవ ఎక్కితే చాలు. జాకెట్ లేకుండా ఫోటో కోసమని కూడా ఎవరినీ దిగనివ్వొద్దు.

మూడో దారి చాలామందికి తట్టదు. కోలారు, చింతామణి వైపు ఊళ్లలో చెరువు పక్కన మామిడితోటలు, చింతతోపులు ఉన్నాయి. అటు ఊళ్లలో చాలామందికి ఇంటిభాష తెలుగే, తోట యజమానితో మనం మన భాషలోనే మాట్లాడుకోవచ్చు. బాగేపల్లి దాకా వెళ్తే చెప్పనే అక్కర్లేదు. ఇక్కడ పొయ్యి మనదే. మూడు రాళ్లు పెట్టి కట్టెలు ఎగదోసి, గుండిగలో ముద్దపప్పు, పక్కన దప్పళం, ఉసిరికాయ పచ్చడి, మూకుడులో బూరెలు. పిల్లలు గోళీలాడుతుంటే మగవాళ్లు కూరగాయలు తరగొచ్చు, తరగాలి కూడా. నీడ తోటదే, ఉసిరిచెట్టు లేకపోతే కొమ్మ మనం తెచ్చుకుందాం.

అడిగి వెళ్లడం మర్యాద, అడగకుండా దిగడం గొడవకు దారి. ఒక తోట రైతు మాతో, "కట్ట మింద బండ్లు నిలపొద్దన్నా, మట్టి జారిపోతాది" అన్నాడు. మంచి మాట. చెరువు కట్ట ఊరందరిది, దాని మీద కార్లు వరసగా ఆపితే ఎడ్లబండికీ ట్రాక్టరుకూ దారి ఉండదు. పొయ్యిని ఎండుటాకులకు దూరంగా, గాలివాటు చూసి పెట్టి, వంట అయ్యాక నీళ్లు పోసి బూడిద చల్లారిందని చేత్తో తాకి చూడాలి.

అటు వైపు చెరువు నీళ్ల సంగతి ఒకటుంది. కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీటిని కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. మొదట నిండింది లక్ష్మీసాగర చెరువు. ఎండిపోయిన చెరువుల్లో నీళ్లు నిలిచి బావుల్లో ఊట పెరగడం రైతులకు మేలే, కానీ ఆ నీళ్లు తాగడానికి ఉద్దేశించినవి కావు. వంటకూ, తాగడానికీ, గిన్నెలు కడగడానికీ క్యాన్లు వెంట ఉండాలి. పిల్లల్ని చెరువులో ఆడనివ్వకండి.

ఎక్కడికి వెళ్లినా ఆకులు మాత్రం కేఆర్ మార్కెట్‌లో కొనుక్కెళ్లండి. అరటాకులు గానీ విస్తళ్లు గానీ. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు కర్ణాటకలో 2016లోనే నిషేధించారు, 2022 జులై నుంచి దేశమంతటా నిషేధం. తిన్న విస్తళ్లను తోటలో గోతిలో పూడ్చితే రైతు సంతోషిస్తాడు.

మరి ఏది మేలు? ముప్పై నలభై మంది, మూడు తరాలు కలిసి వెళ్తుంటే నా ఓటు కోలారు వైపు తోటకే. పొద్దున ఏడింటికి బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరేలా. కొత్తగా ఊరికి వచ్చి ఎవరూ పరిచయం లేనివాళ్లు, రోజంతా సెలవు పెట్టలేనివాళ్లు చెరువు పార్కు చూసుకోండి. అందులో తక్కువేమీ లేదు, ఒకే భాష మాట్లాడే నలుగురు పొద్దున్నే నీటి పక్కన కలవడమే పెద్ద ఊరట. మంచనబెలె కుర్రకారుకు వదిలేయండి, అదీ కార్తీకంలో కాదు. వానలు వెనక్కి తగ్గిన డిసెంబరు చివర్లోనో జనవరిలోనో, పది మందికి మించకుండా. వనభోజనాన్నీ గుడారాల రాత్రినీ ఒకే కార్యక్రమంలో ఇరికించే ప్రతిపాదన ఎవరు తెచ్చినా నేను ఒప్పుకోను.

తోట ఖాయం చేసుకునేటప్పుడు అక్కడ రేకుల షెడ్డు, ఆడవాళ్లకు తలుపు గడియ పడే బాత్రూము ఉన్నాయో లేదో ఒకరు ముందే వెళ్లి చూసి రావాలి, ఫోన్లో వినే మాట సరిపోదు. వాన సూచన ఉంటే ముందురోజు సాయంత్రమే రైతుకు కబురు చెప్పండి. ఆయన మన కోసం కట్టెలు కొట్టించి, మనుషులను పెట్టి ఎదురుచూస్తుంటాడు, రాలేకపోయినా ఆ కూలి డబ్బు ఇచ్చేయాలి.