భీమిలి నుంచి కళింగపట్నం దాకా, బండి మీద ఒక చలికాలపు రోజు

మా వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి వారం ముందే విశాఖ వచ్చేశాడు. కాలేజీ రోజుల్లో ఇద్దరం బండి తీస్తే భీమిలి దాకా వెళ్ళి తిరిగొచ్చేసేవాళ్ళం. "ఈసారి భీమిలిలో ఆగొద్దురా, కళింగపట్నం చూద్దాం" అన్నాడు. నా పాత పల్సర్‌కి ముందురోజే ఆయిల్ మార్పించి, చైన్ బిగించి పెట్టాను.

తెల్లవారుజామున 5 గంటలకు బయల్దేరాం. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ చీకట్లోనే దాటేశాం. అలా దాటేయడమే మంచిదని నా అభిప్రాయం. అవి ఊరి పక్కనే ఉన్నాయి, ఏ ఆదివారమైనా చూడొచ్చు. జనవరిలో సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. దగ్గరి చోట్ల గంటలు ఖర్చుపెడితే దూరపు చోట్లకు వెలుగు మిగలదు.

గోస్తని సముద్రంలో కలిసే చోట నిలబడేసరికి సూర్యుడు పైకి వస్తున్నాడు. వేటకు వెళ్ళిన పడవలు అప్పుడే ఒడ్డుకు చేరుతున్నాయి. చేతులు కొయ్యబారిపోయాయి. గ్లౌజులు లేకుండా ఈ ప్రయాణం పెట్టుకోకండి. స్వెట్టర్ మీద గాలి చొరబడని జాకెట్ కూడా ఉండాలి. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. 17వ శతాబ్దంలో వచ్చిన డచ్‌వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ పది నిమిషాలు గడిపి, పాకహోటల్లో వేడి ఇడ్లీ, అల్లం చట్నీ తిన్నాం. ఆ రోజంతటిలో నాకు బాగా నచ్చిన తిండి అదే.

భీమిలి దాటాక బీచ్‌కి వచ్చే జనం తగ్గిపోతారు. సరుగుడు తోటలు, కొబ్బరిచెట్లు, ఇసుక మీద ఆరబెట్టిన చేపలు, మధ్య మధ్య మత్స్యకార పల్లెలు. భోగాపురం దగ్గర హైవే ఎక్కి, పూసపాటిరేగ నుంచి చింతపల్లి లైట్‌హౌస్ వైపు తిరిగాం. అక్కడ మేమున్న గంటసేపు మాతోపాటు వలలు బాగుచేసుకునే నలుగురే ఉన్నారు. కొట్టు లేదు, నీళ్ళు దొరకలేదు. అయినా ప్రశాంతత కావాలనుకునేవాళ్ళకు రుషికొండ కంటే ఇదే మేలని గట్టిగా చెబుతాను. పిల్లలతో వెళ్తే మాత్రం తిండి, నీళ్ళు వెంట తీసుకెళ్ళాలి.

అక్కడి నుంచి శ్రీకాకుళం దాకా హైవే. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, లారీలు తప్ప. ఊళ్ళో ఒక మెస్‌లో నెత్తళ్ళ వేపుడుతో భోజనం చేశాం. ఇద్దరికీ 320 రూపాయలు. అడిగి అడిగి వడ్డించారు.

శ్రీకూర్మంలో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. కూర్మావతారానికి ఉన్న గుడి అది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ధ్వజస్తంభాలు. నక్షత్ర తాబేళ్ళనూ అక్కడ సంరక్షిస్తున్నారు. ప్రాకార మండపం గోడల మీది పాత రంగుల బొమ్మలు కొన్నిచోట్ల వెలిసిపోతున్నాయి. వాటిని చూస్తుంటే బాధేసింది. వెళ్ళినవాళ్ళు దయచేసి గోడలకు చేతులు ఆనించకండి.

గార దాటాక సగం రోడ్డు ధాన్యం ఆరబోసి ఉంది, మిగతా సగంలో గడ్డి పరిచారు. గడ్డి మీద వెనక చక్రం ఒక్కసారిగా జారింది. నిదానంగా వెళ్తున్నాం కాబట్టి కాళ్ళు ఆనించి నిలబెట్టగలిగాను. కాసేపు గుండె దడ తగ్గలేదు. రైతులను తప్పుపట్టలేం, కళ్ళాలు తగ్గిపోయిన ఊళ్ళలో ధాన్యం ఇంకెక్కడ ఆరబెడతారు? సంక్రాంతి ముందు ఇటు వచ్చేవాళ్ళు ముప్ఫై దాటి నడపకపోతే చాలు.

శాలిహుండం కొండెక్కితే ఇటుకల స్తూపాలు, కింద వంశధార. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో బయటపెట్టినది గిడుగు రామమూర్తి గారు. వాడుక భాష కోసం పోరాడిన ఆ మనిషి ఈ కొండ మీద కూడా తిరిగాడని తెలిశాక మెట్లెక్కడం తేలికైంది. ఒక్క చోటే చూసే వీలుంటే ఏది చూడాలని అడిగితే నేను శాలిహుండమే చెబుతాను.

కళింగపట్నం చేరేసరికి నాలుగున్నర దాటింది. ఒకప్పటి రేవు, లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇసుక తీరం చాలా వెడల్పు. అలలు లాగేసేలా ఉన్నాయి, మేము మోకాళ్ళ లోతు దాటి దిగలేదు. ఎదురుగా సముద్రం నల్లబడుతుంటే వెనక నది మీద పొద్దు వాలింది.

అసలు అనుకున్నది రాత్రికే ఇంటికి చేరడం. మావాడు వెళ్ళిపోదామన్నాడు, చీకట్లో పొగమంచు పడితే లారీల మధ్య వద్దన్నాను. శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. 900 రూపాయలు. రోజంతా వేడినీళ్ళన్నారు గానీ పొద్దున ఆరు తర్వాతే వచ్చాయి. దుప్పట్లు పలచన, కిటికీ సరిగా మూయబడదు. కాకపోతే బండిని గేటు లోపల పెట్టించి తాళం వేశారు, రాత్రంతా కాపలా ఉంది. బండి మీద వెళ్ళినప్పుడు నేను మొదట చూసేది అదే.

ఆ గదిలో చలికి నిద్రపట్టక రెండింటి దాకా కబుర్లు చెప్పుకున్నాం. వాళ్ళ నాన్న ఆపరేషన్ సంగతి వాడు నాకు అప్పుడే చెప్పాడు. పొద్దున్నే అరసవల్లి గుడి దగ్గర ఆగి, వాళ్ళ నాన్న పేరున అర్చన చేయించి ఇంటికి బయల్దేరాం.