మధురైలో ఏ పూటకు ఏ వీధి: రామేశ్వరం దారిలో తిండి సంగతులు

రామేశ్వరం యాత్రకు వెళ్ళే మనవాళ్ళు చాలామంది మధురైలో ఒక రాత్రి ఆగుతారు. పొద్దున మీనాక్షి దర్శనం చేసుకుని, స్టేషన్ ఎదుట కనిపించిన మొదటి హోటల్లో ఇడ్లీ తిని, బస్సెక్కి వెళ్ళిపోతారు. ఆ ఇడ్లీ బాగానే ఉంటుంది. కానీ తమిళనాడులో తిండి కోసమే ఒక రోజు ఎక్కువ ఉండదగిన ఊరేదంటే ముందు మధురై పేరే చెప్పాలి. ఈ ఊళ్ళో పేరున్న కొట్లు చాలావరకు ఒకటి రెండు వంటకాలతోనే, ఒక పూట అమ్మకంతోనే పేరు తెచ్చుకున్నవి. వేళ తప్పి వెళితే అదే కొట్టులో మామూలు తిండే దొరుకుతుంది. కాబట్టి ‘మంచి హోటల్ ఏది’ అని కాకుండా ‘ఈ వేళకు ఇక్కడ ఏం తింటారు’ అని అడగాలి.

ముందు ఊరి నడక తెలియాలి. గుడి చుట్టూ వీధులు చతురస్రాలుగా ఒకదాని బయట ఒకటి ఉంటాయి: చిత్తిరై, ఆవణి మూల, మాసి, వెలి. వెలి అంటే మన మాటలాగే బయటది, ఒకప్పటి కోట హద్దు. రైల్వే స్టేషన్ పడమటి వెలి వీధిలో ఉంది, అక్కణ్ణుంచి గుడికి కిలోమీటరు దూరం. ఈ వీధుల్లో పడమర, దక్షిణం అని దిక్కు చెప్పకపోతే ఆటోవాళ్ళకు కూడా అర్థం కాదు. ‘మాసి వీధి’ అంటే చాలదు, నాలుగున్నాయి.

బసకు మూడు చోట్లు ఆలోచించవచ్చు. తిండి కోసం, గుడి కోసం ఉండేవాళ్ళకు పడమటి పెరుమాళ్ మేస్త్రీ వీధి, టౌన్ హాల్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీలే మేలు. గదులు ఇరుకు, రోడ్డు వైపు గదైతే రాత్రంతా చప్పుడు, అయినా అన్నీ కాలినడకలో ఉంటాయి. గది చూసి లోపలి వైపుది అడగండి. ఇక్కడ చాలా లాడ్జీల్లో ఇరవై నాలుగు గంటల లెక్క నడుస్తుంది, కొన్నిట్లో మాత్రం మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయాలి. తెల్లవారుజామున రైలు దిగేవాళ్ళు ఈ ఒక్క మాట తేల్చుకోకపోతే రెండు రోజుల అద్దె కట్టాల్సి వస్తుంది. కారులో వచ్చినవాళ్ళకు పాత ఊరు నరకం. వాళ్ళు వైగై నది దాటి తల్లాకుళం, అళగర్ కోవిల్ రోడ్డు వైపు దిగితే పార్కింగూ ఉంటుంది, మాంసాహారానికి పేరున్న మెస్సులూ దగ్గరే. మాట్టుత్తావణి బస్టాండు దగ్గర దిగడం మాత్రం తెల్లారి బస్సు పట్టుకోవడానికే పనికొస్తుంది. అక్కణ్ణుంచి గుడి దూరం, తిండికీ ప్రత్యేకత లేదు.

గుడి ఉదయం 5 గంటలకు తెరిచి 12:30కు మూస్తారు, మళ్ళీ సాయంత్రం 4కు తెరుస్తారు. రోజు తిండి లెక్క దీని చుట్టూ వేసుకోవాలి. లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, గోపురం దగ్గరి కౌంటర్లో ఇచ్చి వెళ్ళాలి. తికమకంతా ఇక్కడే. నాలుగు వైపులా గోపురాలు ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. పడమటి గోపురం దగ్గర ఫోను, చెప్పులు పెట్టి తూర్పు వైపు బయటపడితే కాలుతున్న రాళ్ళ మీద ఉత్తి కాళ్ళతో గుడంతా చుట్టి రావాలి. ఏ గోపురం నుంచి వెళ్ళారో గుర్తుంచుకోండి. తర్వాత వెళ్ళదలచిన కొట్టు పేరు, వీధి పేరు చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి.

తొలి దర్శనం చేసుకుని ఏడు, ఏడున్నరకు బయటికొస్తే అదే టిఫిన్‌కు సరైన వేళ. వెణ్ పొంగలి, వడ కావాలంటే తొమ్మిదిలోపే తినాలి. తర్వాత దొరికేది గట్టిపడి, నెయ్యి పేరుకుని ఉంటుంది. ఇడ్లీ మధురైకి ప్రాణం. మురుగన్ ఇడ్లీ షాప్ ఇక్కడే పుట్టి చెన్నై మీదుగా సింగపూర్ దాకా వెళ్ళింది. ఆకు మీద రెండు ఇడ్లీలు, చుట్టూ రంగురంగుల చట్నీలు, సాంబారు. అల్లం పచ్చడి ఉండదు, అడిగి లాభం లేదు. బదులుగా పొడి అడిగి, దాని మీద నువ్వుల నూనె పోయించుకోండి. ఇడ్లీ మెత్తదనం చూడాలంటే మొదటి ముక్క చట్నీ లేకుండా తినండి. మరీ అంత పేరు లేని చోట కూడా ఇడ్లీ బాగుంటుందా లేదా అన్నది ఆవిరి చెప్పేస్తుంది. పాత్ర మూత తీసి గుడ్డ మీంచి అప్పుడే ఒలుస్తున్న కొట్టు అయితే ఆగండి, హాట్‌బాక్సులోంచి తీసిస్తే కదలండి.

మధ్యాహ్నం శాకాహారులకు ‘సైవం’ అన్న మాట గుర్తుండాలి. ‘సైవ ఉణవగం’ అంటే శాకాహార హోటల్, ‘అసైవం’ అంటే మాంసాహారం. భోజనాన్ని ‘సాప్పాడు’ అంటారు. మనవాళ్ళు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే, దానికి కారణం మాటలు. తమిళంలో ‘పచ్చడి’ అంటే పెరుగు పచ్చడి. మన ఊరగాయ కావాలంటే ‘ఊరుగాయ్’ అనాలి, వచ్చేది నిమ్మకాయో చిన్న మామిడికాయో. పప్పు ముద్దగా, గిన్నెడు రాదు. వస్తే గరిటెడు పరుప్పు, చెంచాడు నెయ్యి. అసలు భోజనమంతా సాంబారు, వత్తకుళంబు, రసం, మోరు (మజ్జిగ) వరసలో నడుస్తుంది. అన్నం ఉప్పుడు బియ్యందైతే అలవాటు లేని కడుపుకు బరువు, ‘పచ్చరిసి సాదం ఇరుక్కా?’ (పచ్చి బియ్యం అన్నం ఉందా?) అని ముందే అడగవచ్చు. ఆంధ్రా మీల్స్‌తో పోల్చుకుంటూ కూర్చుంటే ఏదీ రుచించదు. వత్తకుళంబు మీద మనసు పెట్టండి. ఎండబెట్టిన సుండైకాయ (మన ఉస్తికాయ) చేదు, చింతపండు పులుపు, నువ్వుల నూనె కలిసిన ఆ చిక్కదనం మన పులుసులో ఉండదు. సాంబారు వద్దని రెండు సార్లు అదే పోయించుకున్నా ఎవరూ ఏమీ అనరు.

మాంసం తినేవాళ్ళకు మధ్యాహ్నమంటే తల్లాకుళం వైపు మెస్సులే. అమ్మా మెస్, చంద్రన్ మెస్, కుమార్ మెస్ అందరికీ తెలిసిన పేర్లు. పన్నెండున్నరకల్లా కూర్చోవాలి, రెండున్నర దాటితే అసలైనవి అయిపోతాయి, ఆదివారం ఇంకా ముందే. ఆకు వేసి, నీళ్ళు చల్లి తుడిచాక అన్నం వస్తుంది. మటన్, చికెన్, చేపల కుళంబులు (పులుసులు) అన్నంతోపాటే అడిగినన్ని సార్లు పోస్తారు, వాటికి వేరే డబ్బు ఉండదు. ఆ తర్వాత ఒకతను పెద్ద పళ్ళెం మోసుకొస్తాడు. అందులో చిన్న చిన్న ప్లేట్లు: మటన్ చుక్కా (వేపుడు), ఈరల్ (కాలేయం), తలకాయ, నల్లి (మూలుగ ఎముక), కోలా ఉరుండై, కాడ (కౌజు పిట్ట). ఇది వరస వడ్డన కాదు, దేన్ని తీసుకుంటే దానికి విడిగా లెక్క. తెలియక తలూపినవాళ్ళు నలుగురి భోజనానికి ఎనిమిది మంది బిల్లు కడతారు. నలుగురికి ఒక చుక్కా, ఒక ప్లేటు కోలా, ఏదైనా ఒక కొత్త వంటకం చాలు. కుళంబులే కడుపు నింపుతాయి.

కోలా ఉరుండై ఖైమా ఉండ. ఖైమాలో పుట్నాల పొడి, సోంపు, కొబ్బరి కలిపి రుబ్బి నూనెలో వేయిస్తారు. పైన కరకరలాడి లోపల తడిగా ఉండాలి. లోపల కూడా పొడిపొడిగా ఉంటే పుట్నాలు ఎక్కువ, మాంసం తక్కువ అని. అమ్మా మెస్‌లో నల్లి ఎముక మూలుగతో వేసే ఆమ్లెట్టు, అయిర మీన్ కుళంబు ప్రత్యేకం. అయిర మీను వేలెడంత కూడా ఉండని చెరువు చేప, ముల్లుతో సహా నమలాలి. ఇసుక తగిలితే శుభ్రం చేయడంలో తొందరపడ్డట్టు. దొరికిన రోజే వండుతారు, ధర కూడా ఎక్కువే, అడిగి తీసుకోండి. బిర్యానీ మాత్రం హైదరాబాదు లెక్కన చూడకండి. ఇక్కడిది సీరగ సాంబ, జీలకర్రంత సన్నగా పొట్టిగా ఉండే బియ్యం. మసాలా గింజ లోపలికి దిగుతుంది, పొడిపొడిగా విడదు.

మూడు, నాలుగు మధ్య ఊరు కాస్త ఆగుతుంది. ఆ వేళ తిరుమల నాయక మహల్ చూడటానికి వాడుకోండి. 1636లో తెలుగు నాయక రాజు కట్టించినది, గుడికి ఆగ్నేయంగా సుమారు కిలోమీటరున్నర. ఆ చుట్టుపక్కలే నేతవాళ్ళైన సౌరాష్ట్రుల వీధులు ఉన్నాయి. వాళ్ళ సౌరాష్ట్ర భాషలో తెలుగు మాటలు చాలా కలిసిపోయాయి. సాయంత్రం ఇళ్ళ ముందు వేసే ఆకుకూర వడలు, ముళ్ళు మురుంగై (మన మునగ కాదు, ముళ్ళుండే వేరే చెట్టు) ఆకు రుబ్బి చేసే పచ్చటి పూరీలు ఇక్కడే దొరుకుతాయి. వీటికి బోర్డులుండవు. బాణలి చుట్టూ ఆడవాళ్ళు, పిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడ్డ చోటు వెతకండి.

మహల్ నుంచి తిరిగొచ్చే దారిలోనే విళక్కుత్తూణ్. కోట గోడలు తీయించిన కలెక్టర్ బ్లాక్‌బర్న్ పేరిట నిలిపిన దీపస్తంభం అది. దాని దగ్గరే జిగర్‌తండా అనే చల్లటి పాల పానీయం. 1977 నుంచి ఉన్న ‘ఫేమస్ జిగర్‌తండా’ తూర్పు మారెట్ వీధిలోది. అదే మాట పేరులో పెట్టుకున్న కొట్లు ఊరంతా ఉన్నాయి కాబట్టి వీధి పేరు చూసుకోండి. చేసే తీరు దగ్గర నిలబడి చూడాల్సిందే. గ్లాసు అడుగున రాత్రంతా నానబెట్టిన బాదం బంక, గాజుముక్కల్లా తళతళలాడుతూ. దాని మీద నన్నారి పాకం. మన రాయలసీమ నన్నారే. తర్వాత గంటలకొద్దీ కాచి చల్లార్చిన పాలు, ఇంట్లో చేసిన గోధుమరంగు ఐస్‌క్రీము ఒక గరిటె, పైన చెంచాడు బాసుంది. మొత్తం లేత కాఫీ రంగులో ఉండాలి. గులాబీ రంగులో ఉంటే రోజ్ సిరప్. పారదర్శకమైన ముక్కలు పంటికింద కరకరమంటే అది బాదం బంక కాదు, చైనా గ్రాస్. బంక జారిపోవాలి. పిల్లలకు చిన్న గ్లాసు చాలు, ఇది చాలా తీపి.

వానాకాలమో చలికాలమో అయితే దాని బదులు పరుత్తి పాల్ తాగండి. పత్తి గింజలు నానబెట్టి రుబ్బి తీసిన పాలలో బియ్యప్పిండి, బెల్లం, శొంఠి వేసి కాచేది. సాయంత్రం మాసి వీధుల్లో బండ్ల మీద వేడివేడిగా పోస్తారు. సరిగా కాగితే గొంతులో శొంఠి మంట తెలుస్తుంది. పల్చగా, పచ్చి పిండి వాసన వస్తే వదిలేయండి.

రాత్రి ఏడు తర్వాత పరోటాలు మొదలవుతాయి. మధురైలో మామూలు పరోటాతోపాటు చిన్నగా, లావుగా, ఉబ్బి ఉండే బన్ పరోటా ఉంది. రెండు చాలు. ‘పిచ్చు పోడవా?’ అని అడిగితే, తుంచి వేయమంటారా అని అర్థం. ఊఁ అంటే ముక్కలు చేసి పైన సాల్నా (పల్చటి మసాలా పులుసు) పోస్తారు, నానిన తర్వాతే దాని రుచి. శాకాహారులు ఇక్కడ జాగ్రత్త పడాలి: ముక్కల్లేని ‘ప్లెయిన్ సాల్నా’ కూడా చాలా కొట్లలో మాంసం ఉడికిన నీళ్ళతోనే చేస్తారు. సైవ హోటల్లో కుర్మాతో తినడమే క్షేమం. సిమ్మక్కల్ వైపు కోనార్ కొట్టు కరి దోసెకు పేరు. మందంగా పోసిన దోసె, మీద గుడ్డు, ఆ పైన మటన్ ఖైమా, తిప్పి కాల్చి పెడతారు. ఇద్దరికి ఒకటి తెప్పించుకుని, బాగుంటే ఇంకొకటి చెప్పండి. కోనార్ పేరుతోనూ చాలా ఉన్నాయి, సిమ్మక్కల్ అని గట్టిగా చెప్పాలి.

ఆటో డ్రైవరును ‘మంచి హోటల్‌కు తీసుకెళ్ళు’ అంటే తన కమీషన్ ఉన్న చోటుకు తీసుకెళ్ళవచ్చు. ‘అణ్ణా, నీంగ రాత్తిరి ఎంగ సాప్పిడువీంగ?’ అని అడగండి, మీరు రాత్రి ఎక్కడ తింటారు అని. ఆ జవాబు వేరుగా వస్తుంది. మ్యాపులో చూసేటప్పుడు చుక్కల సంఖ్యను నమ్మకండి, గత నెల ఫొటోల్లో ఆకు మీద ఏముందో చూడండి. చిత్తిరై పండుగ జరిగే ఏప్రిల్, మే రోజుల్లో మాత్రం ఈ లెక్కలన్నీ తప్పుతాయి. వీధులు మూస్తారు, కొట్ల ముందు వరసలు గంటలు పడతాయి.

వెళ్ళే రోజు స్టేషన్ ఎదుట ప్రేమ విలాస్‌లో వేడి హల్వా ఆకులో పెట్టించుకుని అక్కడే తినండి. గోధుమ పాలతో చేసిన ఆ హల్వా వేడిలో వేళ్ళకు నెయ్యి కారుతూ ఉంటుంది. ఇంటికి కట్టించుకునేది కూడా అదే, చల్లారాక బిగుసుకుని రెండు మూడు రోజులు ప్రయాణానికి నిలుస్తుంది. రామేశ్వరం వైపు వెళ్ళేవాళ్ళు వెళ్ళేటప్పుడు కాకుండా తిరుగు దారిలో కొనుక్కోండి, అక్కడి ఉప్పుగాలిలో పెట్టె తడిసిపోతుంది.