గాలికుంటు ఎక్కణ్నించి వచ్చింది: ఒక్క జీన్ చూస్తే చాలా, మొత్తం జీనోమ్ కావాలా?

వీపీ1 జీన్ అంటే గాలికుంటు వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్‌ని తయారుచేసే ముక్క, దాదాపు 640 జన్యు అక్షరాలే, చదవడం త్వరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ. వైరస్ ‘O’ రకమా, ‘A’ రకమా, ఏ ప్రాంతానిదో దీంతోనే తెలిసిపోతుంది. దక్షిణాఫ్రికాలో పశువులకి సోకిన శాట్ (SAT, ఆఫ్రికాలో ఉండే గాలికుంటు రకాలు) వైరస్ ఏ ప్రాంతపు అడవి బర్రెలదో కూడా ఇలాగే పట్టుకుంటారు, దానికిది బాగా సరిపోతుంది.

కానీ పక్క పక్క ఫారాల మధ్య ఎవర్నించి ఎవరికి అంటే వీపీ1 చేతులెత్తేస్తుంది, ఎందుకంటే ఒక ఫారం నుంచి ఇంకోదానికి వెళ్లేసరికి మొత్తం జీనోమ్‌లోని (వైరస్ జన్యు అక్షరాలన్నీ కలిపి) దాదాపు 8,300 అక్షరాల్లో మారేవి ఏవో నాలుగైదే, అవి ఆ చిన్న ముక్కలోనే పడాలని ఏముంది చెప్పండి.

2007లో ఇంగ్లండ్‌లోని సర్రీలో ఆగస్టులో పిర్‌బ్రైట్ అనే చోటి ల్యాబ్ సైట్ నుంచి బయటపడ్డ గాలికుంటు కొన్ని ఫారాలకి వచ్చి ఆగిపోయిందనుకున్నారు, సెప్టెంబర్‌లో మళ్లీ మొదలైంది. పూర్తి జీనోమ్‌లు పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే వైరస్ మళ్లీ కొత్తగా ఆ ల్యాబ్ సైట్ నుంచి రాలేదు, మధ్యలో ఎవరి కంటా పడని ఫారం ఒకటి ఉండాలని తేలింది, తర్వాత పాత పుండ్లున్న పశువులతో అలాంటిది దొరికింది కూడా! ఆవుల్ని చంపేయాల్సొచ్చే చోట ఆ ఒక్క లింకు ఎంత విలువైందో ఆలోచించండి.

అందుకే రకం తెలుసుకుని వ్యాక్సిన్ చూసుకోడానికైతే వీపీ1, ఊళ్లో గొలుసు తెంచాలంటే మాత్రం ఖర్చైనా పూర్తి జీనోమే నా ఓటు.