అటెస్టేషన్, అర్హత గుర్తింపు, ట్రేడ్ టెస్టు: విదేశీ యజమాని ముందు ఏది ఎక్కువ పనికొస్తుంది?

కడప, రాజంపేట, రాయచోటి, బద్వేలు ప్రాంతాల నుంచి కువైట్‌కు, సౌదీకి వెళ్లేవారు తరాలుగా ఉన్నారు. ఈ మధ్య వారితో పాటు జర్మనీ గురించి అడిగే ఐటీఐ, నర్సింగ్ విద్యార్థులు కూడా బాగా పెరిగారు. కాగితాలు సిద్ధం చేసుకోవడంలో నేను సాయపడుతుంటాను కాబట్టి, వచ్చినవారు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "సార్, సర్టిఫికెట్లకు స్టాంపులు ఏపిస్తే సాలునా, ఇంకేమన్నా చేయాల్నా?" ఖర్చు పెట్టగలిగిన డబ్బు తక్కువ, ఏజెంటు చెప్పే మాటలు ఎక్కువ అయిన చోట ఈ ప్రశ్నకు విడమరచి జవాబు చెప్పడం అవసరమనిపించి, ఉన్న మూడు ప్రధాన మార్గాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

అందరికీ మొదట గుర్తొచ్చేది అటెస్టేషన్. రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీలోని విదేశాంగ శాఖ, ఆపైన ఆ దేశపు రాయబార కార్యాలయం వరుసగా ముద్ర వేస్తే, ఆ సర్టిఫికెట్ దొంగది కాదని తేలుతుంది. ఒక దేశపు పత్రాలను మరో దేశం సులభంగా ఒప్పుకోవడానికి కుదిరిన హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకు రాయబార కార్యాలయంతో పని లేకుండా, విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ అనే ముద్ర ఒక్కటే సరిపోతుంది. మన దేశానికి ఆ ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది, ఒమన్, బహ్రెయిన్ అందులో ఉన్నాయి, సౌదీకి 2022 డిసెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. కువైట్ అందులో లేదు కాబట్టి పాత పద్ధతే నడుస్తోంది. జర్మనీ ఆ ఒప్పందంలో ఉన్నా, మన దేశం చేరికకు అభ్యంతరం చెప్పింది కనుక మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. ఈ సంగతి తెలియక జర్మనీ కోసం అపోస్టిల్‌కు డబ్బు కట్టినవారు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు.

అటెస్టేషన్ అడిగిన చోట చేయించక తప్పదు, దానికి ప్రత్యామ్నాయం లేదు. అయితే అది చెప్పేది సర్టిఫికెట్ నిజమైనదన్న ఒక్క విషయమే. ఆ చదువు అక్కడి చదువుతో సమానమా, ఆ మనిషికి పని వచ్చా అన్న రెండు ప్రశ్నలకు ఆ ముద్రల్లో జవాబు ఉండదు. 2018లో కువైట్‌లో అక్కడి ఇంజనీర్ల సంఘం నిరభ్యంతర పత్రం ఇస్తేనే ఇంజనీర్లకు అకామా (అక్కడి నివాస అనుమతి) రెన్యువల్ అన్న నిబంధన వచ్చినప్పుడు, కాలేజీకి ఎన్‌బీఏ (మన దేశంలో ఇంజనీరింగ్ కోర్సుల నాణ్యతను చూసే మండలి) గుర్తింపు లేదన్న కారణంతో ఎందరో భారతీయ ఇంజనీర్లు ఇరుకున పడ్డారు. వారి డిగ్రీలు నిజమైనవే, ముద్రలూ సక్రమమైనవే, అయినా అవి వారిని ఆదుకోలేకపోయాయి.

అటెస్టేషన్‌కు పంపే ముందు పేర్లు మాత్రం తప్పక సరిచూసుకోవాలి. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఒక్క పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మన దగ్గర మామూలే. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు తెలియని విదేశీ అధికారికి ఆ మూడు కాగితాలూ ముగ్గురు వేర్వేరు మనుషులవిగా కనిపించే ప్రమాదం ఉంది.

రెండోది అర్హత గుర్తింపు, అంటే మన చదువును ఆ దేశపు అధికార సంస్థే పరిశీలించి, తమ చదువుతో పోల్చి లిఖితపూర్వకంగా తీర్పు ఇవ్వడం. నర్సుల విషయంలో ఇక్కడ ఎంపిక అన్న మాటే లేదు. జర్మనీలో నర్సు ఉద్యోగానికి గుర్తింపు చట్టపరంగా తప్పనిసరి. లోటు ఉందని తేలితే అక్కడ పరీక్ష రాయాలి లేదా అనుసరణ శిక్షణ పూర్తిచేయాలి, జర్మన్ భాష సాధారణంగా బీ2 స్థాయి వరకు, అంటే పనిలో ధారాళంగా మాట్లాడగలిగేంత రావాలి. గల్ఫ్ దేశాల్లో చాలావరకు డేటాఫ్లో సంస్థ నేరుగా కాలేజీకి, ఆసుపత్రికి రాసి వివరాలు నిర్ధారించుకుంటుంది, దాంతో పాటు కంప్యూటర్ మీద రాసే ప్రోమెట్రిక్ లైసెన్సు పరీక్ష ఉంటుంది. నర్సింగ్ చదివినవారు మిగతా మార్గాల గురించి ఆలోచించి కాలం పోగొట్టుకోకుండా నేరుగా దీనితోనే మొదలుపెట్టాలి.

జర్మనీలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి పారిశ్రామిక వృత్తుల్లో పరిస్థితి వేరు. వీటిలో చాలావాటి గుర్తింపు దరఖాస్తులను న్యూరెంబర్గ్‌లోని ఐహెచ్‌కే ఫోసా అనే సంస్థ చూస్తుంది. పరిశ్రమల్లో పనిచేసే ఎలక్ట్రీషియన్‌కు జర్మనీలో మూడున్నరేళ్ల శిక్షణ ఉంటే, మన ఐటీఐలో రెండేళ్లే. ఆ తేడాను పూడ్చగలిగేది పని అనుభవం, కాగితం మీద రుజువు చూపగలిగితే ఆ సంస్థ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. 2024 మార్చి నుంచి మరో దారి కూడా తెరుచుకుంది: స్వదేశంలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కనీసం రెండేళ్ల శిక్షణ, గత అయిదేళ్లలో రెండేళ్ల అనుభవం, నిర్ణీత స్థాయికి తగ్గని జీతంతో ఉద్యోగ ఒప్పందం ఉంటే, చట్టపరమైన నియంత్రణ లేని వృత్తుల్లో పూర్తి గుర్తింపు లేకుండానే వెళ్లవచ్చు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు రెండేళ్లవి కనుక ఇందులో ఇముడుతాయి. వెల్డర్ ట్రేడు ఏడాదిదే కాబట్టి, ఎంత నైపుణ్యం ఉన్నా ఆ ఒక్క సర్టిఫికెట్‌తో ఈ దారిలో వెళ్లడం కుదరదు.

అలాంటి వెల్డర్‌కు పనికొచ్చేది మూడోది, ట్రేడ్ టెస్టు. గల్ఫ్ కంపెనీల ప్రతినిధులు చెన్నైలోనో ముంబైలోనో పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించి, తిప్పకుండా చుట్టూ వెల్డింగ్ చేయమంటారు. 6జీ అని పిలిచే ఈ పరీక్షలో రూట్ పాస్ (అడుగున మొదట వేసే వెల్డింగ్ పొర) సరిగా పడిందా, లోపల గాలి బుడగలు చిక్కాయా అన్నది ఎక్స్‌రే తీస్తే బయటపడుతుంది. అక్కడ ఏ కాలేజీలో చదివావని అడిగేవారు ఉండరు. సౌదీ కూడా కొన్ని వృత్తులకు వీసా కంటే ముందే నైపుణ్య పరీక్ష పెడుతోంది. చదువు మధ్యలో ఆపి చేతిపనిలో రాటుదేలినవారికి ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదని నా నమ్మకం. దీని పరిమితి ఏమిటంటే, ఒక కంపెనీ పెట్టిన టెస్టు ఫలితం సాధారణంగా ఆ కంపెనీ వరకే పనికొస్తుంది, మరో దేశంలో మరో యజమానికి మళ్లీ మొదటి నుంచి చేసి చూపించాల్సి వస్తుంది.

ఈ మూడింటి కంటే నేను ఎక్కువ బరువు ఇచ్చేది, మనవాళ్లు అందరికంటే ఎక్కువ నిర్లక్ష్యం చేసేది అనుభవ పత్రం. అర్హత గుర్తింపు ఇచ్చే సంస్థ అడిగేది దాన్నే, టెస్టుకు ఎవరిని పిలవాలో కంపెనీ తేల్చుకునేదీ దాన్ని చూసే. మన దగ్గర ఇచ్చే పత్రం సాధారణంగా ఇలా ఉంటుంది: "ఇతను మా వద్ద 2019 నుంచి 2023 వరకు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. ఇతని నడవడిక సంతృప్తికరం." నాలుగేళ్ల కష్టంలో రెండు వాక్యాలే మిగిలాయి. అదే మనిషి యర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో 415 వోల్టుల మోటార్లకు స్టార్-డెల్టా స్టార్టర్లు వైరింగ్ చేశాడని, మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్షించాడని, ప్యానెల్ బోర్డులో కాంటాక్టర్లు, రిలేలు మార్చాడని, వారానికి 48 గంటలు పనిచేశాడని, కింద ఇద్దరు హెల్పర్లు ఉండేవారని రాసి, సంతకం పెట్టినవారి హోదా, ఫోను, ఈమెయిలు ఇస్తే, ఆ కాగితం చూసిన యజమానికి ఈ మనిషిని రేపు ఏ పనిలో పెట్టవచ్చో తెలుస్తుంది. రెండు పత్రాలూ నిజమే చెబుతున్నాయి, రెండోది రాయించుకోవడానికి అదనంగా అయ్యే ఖర్చు కూడా ఏమీ లేదు.

తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల వంటి చిన్న యూనిట్లలో పనిచేసినవారికి ఇది కష్టమేనని ఒప్పుకోవాలి. కూలి చేతికి ఇస్తారు, లెటర్‌హెడ్ కూడా ఉండదు. అలాంటప్పుడు యజమాని జీఎస్టీ నంబరుతో రాసి ఇచ్చిన పత్రానికి, బ్యాంకులో జీతం పడిన వివరాలు, పీఎఫ్ ఖాతాలోని సర్వీసు చరిత్ర, ఈఎస్ఐ కార్డు, అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్, వీటిలో ఏది ఉంటే అది జతచేయాలి. చేయని పనిని చేసినట్టు రాయించుకోవడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వద్దు. నిర్ధారణ సంస్థ నేరుగా రాసి అడిగినప్పుడు ఆ అబద్ధం బయటపడితే నిజమైన చదువు కూడా అనుమానంలో పడుతుంది. డబ్బుకు అనుభవ పత్రాలు అమ్మేవారు ఆ నష్టాన్ని ఏ మాత్రం పంచుకోరు.

యూరప్‌లో వాడే యూరోపాస్ నమూనాలో బయోడేటా, లింక్డ్‌ఇన్ ఖాతా, పనిచేస్తుండగా తీసిన వీడియో వంటివి ఉంటే మంచిదే. అవి అదనపు సాయం మాత్రమే, వాటి కోసం ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు.

కాబట్టి నన్ను అడిగితే నర్సుకు ముందుగా అర్హత గుర్తింపు, వెల్డర్‌కు ట్రేడ్ టెస్టు, ఎలక్ట్రీషియన్‌కు, ఫిట్టర్‌కు గట్టి అనుభవ పత్రంతో కూడిన గుర్తింపు మేలంటాను. అటెస్టేషన్ అందరికీ చివర్లో, అదీ ఏ దేశానికి ఏ ముద్ర కావాలో తెలుసుకున్నాకే చేయించాలి.

కువైట్‌లో ఇప్పటికే పనిచేస్తూ యూరప్ వైపు చూస్తున్నవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. అకామాలో డ్రైవరనో కార్మికుడనో రాసి ఉండి, చేసింది ఏసీ మెకానిక్ పని అయిన సందర్భాలు చాలా ఉంటాయి. ఆ తేడాకు వివరణ ఇవ్వగలిగేది అక్కడి కంపెనీ మాత్రమే. అకామా రద్దయి ఊరికి వచ్చేశాక ఆ కంపెనీ నుంచి కాగితం తెప్పించడం దాదాపు అసాధ్యం కాబట్టి, అసలు చేసిన పనిని, తేదీలను రాసిన పత్రాన్ని, జీతపు స్లిప్పులను, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) నకలును విమానం ఎక్కకముందే తీసి పెట్టుకోవాలి.