మా పచ్చళ్ల కొట్టుకి బోర్డు చేసిన షాపు

మాది గుంటూరు కొరిటెపాడులో చిన్న పచ్చళ్లు, పిండివంటల కొట్టు. 2014లో పెట్టాం. ఇప్పటికి మూడు బోర్డులు మార్చాం. మొదటి రెండూ ఫ్లెక్సీలు. మూడోది 2023లో అరండల్‌పేటలో ఒక అడ్డరోడ్డు లోపల ఉన్న షాపులో చేయించాం. దాని గురించే ఇది రాస్తున్నాను. షాపు పేరు మాత్రం వేయొద్దని ఆర్టిస్టు గారు అడిగారు, ఉన్న పనికే మనుషులు చాలడం లేదట. ఎవరికైనా నిజంగా బోర్డు పని ఉంటే మా కొట్టుకి రండి, దారి చెప్తాను.

ముందు రెండో బోర్డు సంగతి చెప్పాలి, లేకపోతే మూడో దాని విలువ తెలియదు. మొదటి ఫ్లెక్సీ రెండు వేసవులకే తెల్లబోయింది. ఎరుపు పోయి గులాబీ రంగులోకి వచ్చింది. రెండోది ఇంకోచోట వేయించాం, ఎక్కడో చెప్పను. పేరు నేనే ఫోన్‌లో టైపు చేసి పంపాను. వాళ్లు దాన్ని అలాగే కాపీ చేసి డిజైన్‌లో పెట్టేశారు. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో టైపు చేసే తెలుగు, సరిగా అతకదు, వత్తులు విడిపోతాయి. తీరా చూస్తే బోర్డు మీద ‘పచ్‌చళ్‌లు’ అని పొల్లులతో పడింది. పండగ ముందు రోజులు, మార్పించే తీరిక లేదు, వారం రోజులు అలాగే వేలాడింది. స్కూలు పిల్లలు ఆగి మరీ కూడబలుక్కుని చదివేవాళ్లు. ఆ వారమంతా నాకు కొట్టు ముందు నిలబడాలంటే మనసొప్పలేదు. మళ్లీ వేయించడానికి సగం డబ్బు మేమే పెట్టుకున్నాం.

అందుకే మూడోసారి ఎంత తిరిగినా సరే, తెలుగు తెలిసిన చోటే చేయించాలనుకున్నాను. మా కొట్టుకి సున్నుండలకి వచ్చే ఒక మాస్టారు ఈ షాపు చెప్పారు.

వెళ్లేసరికి ఆర్టిస్టు గారు స్టూలు మీద కూర్చుని ఒక బండికి నంబరు ప్లేటు అంటిస్తున్నారు. అరవై దాటి ఉంటాయి. ఆయన కూతురు లోపల కంప్యూటర్ దగ్గర ఉంది. ఫోన్‌లో పేరు చూపించబోతే ఆయన వద్దన్నారు. “కాగితం మీద చేత్తో రాసివ్వమ్మా” అని పెన్ను ఇచ్చారు. రాసిచ్చాను. కాసేపు చూసి, “నువ్వు ళ కింద ల వత్తు రాస్తావు. కొందరు ళ కింద ళే రాస్తారు. రెండూ ఉన్నాయిలే. కానీ దూరం నుంచి చిన్న ళ పూడుకుపోయి ముద్దలా కనిపిస్తుంది. నీది బోర్డుకి బాగుంటుంది” అన్నారు. నేను జీవితమంతా అలాగే రాస్తున్నాను, అందులో ఒక మంచి ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత జరిగింది నేను మర్చిపోలేను. ఖాకీ కాగితం చుట్ట విప్పి, అసలు సైజులో, పన్నెండు అంగుళాల ఎత్తున ‘పచ్చళ్లు’ అని బొగ్గు పెన్సిల్‌తో గీశారు. కింద గీత కోసం సుద్దపొడి రాసిన దారం లాగి కొట్టారు. స్కేలు పెట్టింది వత్తులు ఎంత కిందికి దిగుతున్నాయో కొలవడానికి మాత్రమే. గీశాక కాగితాన్ని ఎదురు ప్రహరీకి అంటించి, “అటు చివర టీ కొట్టు దాకా వెళ్లి చదువు తల్లీ” అన్నారు. వెళ్లి చదివాను. పచ్చళ్లు అనే ఉంది కదా అన్నాను. “కళ్లు సగం మూసి చదువు” అన్నారు. అప్పుడు ‘వచ్చళ్లు’లా కనిపించింది.

విషయం ఏమిటంటే, మన ప కి, వ కి తేడా అంతా తలకట్టులోనే ఉంది. వ మీద తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, ప మీద విడిగా ఉంటుంది. దూరం వెళ్లేకొద్దీ ఆ సందు కళ్లకి పూడుకుపోతుంది. లైటు వెలిగే అక్షరమైతే వెలుగు రెండు వైపుల నుంచీ పాకి ఇంకా పూడుస్తుందట. ఆయన కాగితం తెచ్చి ప తలకట్టుని వేలెడు పైకి జరిపి మళ్లీ గీశారు. మళ్లీ గోడకి అంటించారు. ఈసారి కళ్లు మూసినా తెరిచినా పచ్చళ్లే.

కూతురు ఆ కాగితానికి ఫొటో తీసి కంప్యూటర్‌లో గీతల మీద గీతలు వేసుకుంది. ఆ అమ్మాయికి ఫాంట్లన్నీ తెలుసు. పాత అను ఫాంట్ల నుంచి ఊరికే దొరికే రామభద్ర దాకా ఒక్కోదానిలో మా పేరు పెట్టి చూపించింది. “రామభద్ర బలంగా ఉంటుంది అక్కా, పోస్టర్లకి అదే వాడతాను. మీ బోర్డుకి మాత్రం నాన్న గీసిందే” అంది. తండ్రి చేతి గీత మీద ఆ పిల్లకున్న గౌరవం చూసి నాకు ముచ్చటేసింది.

బోర్డు పది అడుగుల పొడవు, మూడు అడుగుల ఎత్తు. వెనక ఏసీపీ షీటు, అంటే రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర. దాని మీద అక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్‌ఈడీలు. తెలుగు అక్షరాలకి ఇక్కడే అసలు కష్టం. ఇంగ్లీషులో ఒక్కో అక్షరం ఒక్కో డబ్బా. మనకి ప అంటేనే రెండు ముక్కలు, ఒళ్లు ఒకటి, తలకట్టు ఒకటి. చ కింద చ వత్తు ఇంకో ముక్క. వత్తు మరీ చిన్నదైతే లోపల ఎల్‌ఈడీ పట్టదు, రాత్రి పైన అక్షరం వెలిగి కింద వత్తు చీకట్లో ఉండిపోతుంది. వీళ్లు వత్తుల్ని మామూలు కంటే కొంచెం బొద్దుగా గీశారు. ఒకటి రెండు చోట్ల ముందే విచారించాను కాబట్టి చెప్తున్నా, ఒక షాపులో వత్తుకి వేరే అక్షరం కింద లెక్క కట్టారు. ఇక్కడ వత్తుతో కలిపి ఒక్క అక్షరమే. బిగింపుతో సహా 23,500 అయింది. తక్కువేం కాదు, ఫ్లెక్సీ అయితే ఇందులో ఎన్నో వంతో. కానీ రెండున్నరేళ్లయింది, రంగు అలాగే ఉంది.

ఇంకో మంచి పని, జీఎస్టీ నంబరు బోర్డు మీద ఉండాలని నాకు గుర్తులేదు, ఆ అమ్మాయే అడిగి కింద మూలన వినైల్‌తో అంటించింది.

లోపాలూ చెప్పాలి. మొదటి వానాకాలంలోనే కరెంటు సప్లయి డబ్బాలోకి నీళ్లు దిగి బోర్డు సగం ఆరిపోయింది. డబ్బు అడగకుండా మార్చారు, కానీ నాలుగు రోజులు పట్టింది. 2024 ఎన్నికల ముందు ఒక చిన్న స్టిక్కర్ పని ఇస్తే మే 13 పోలింగ్ అయ్యేదాకా ఫోనే ఎత్తలేదు. పెళ్లిళ్ల రోజుల్లోనూ అంతే. అలాంటప్పుడు వారం తర్వాత రమ్మని ముందే చెప్పేస్తే మాకూ టెన్షన్ ఉండదు, ఈ మాట వాళ్లకీ చెప్పాను. అక్షరాల కటింగ్ మిషను వాళ్ల దగ్గర లేదు, విజయవాడలో చేయించి తెస్తారు. అది దాచకుండా మొదటి రోజే చెప్పారు.

ఇక నాకు బాగా పట్టిన విషయం ఆ షాపు సొంత పాత బోర్డు. ఇనప రేకు మీద నీలం ఎనామిల్ పెయింటు, పసుపు అక్షరాలు, ఎర్రటి నీడ, పేరు చివర ‘ఆర్ట్స్’ అన్న మాట. ఆయన కుంచెతో రాసుకున్నది అది. అప్పట్లో కొట్ల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, లారీల వెనక రాతలు. తర్వాత రేడియం స్టిక్కర్లు వచ్చాయి, అవీ నేర్చుకున్నారు. ఫ్లెక్సీ వచ్చాక కుంచె పని దాదాపు ఆగిపోయింది. కూతురు డిగ్రీ చేసి వచ్చాక అప్పు చేసి ఫ్లెక్సీ మిషను కొన్నారు. 2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించినప్పుడు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదట. అప్పటికి మిషను కంతులు ఇంకా ఉన్నాయి. అప్పుడే గుడ్డ బ్యానర్లు, ఏసీపీ, ఎల్‌ఈడీ పనులు మొదలుపెట్టారు. ఇప్పుడు మగ్గుల మీద ఫొటోలు, టీషర్టులు, విజిటింగ్ కార్డులు కూడా. ఇందులో ఏదీ సరదాకి పెట్టింది కాదు, ఒక్కోటి ఒక్కో కష్టానికి పెట్టింది.

కానీ ఆ పాత బోర్డు తీసేసి ఇప్పుడు పెట్టిన దాని మీద పదిహేడు పనుల పేర్లున్నాయి. నిలబడి లెక్కపెట్టాను. ఫ్లెక్స్, వినైల్, రేడియం, మగ్గులు, బ్యాడ్జీలు, స్టాంపులు... తెలుగు అక్షరం రాస్తారన్న మాట ఎక్కడా లేదు. ఆ రోడ్డులోనే ఇవన్నీ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఖాకీ కాగితం గోడకి అంటించి కస్టమర్‌ని టీ కొట్టు దాకా పంపేవాళ్లు ఉన్నారా?

మొన్న సంక్రాంతి స్టిక్కర్లకి వెళ్లినప్పుడు, కొత్త బోర్డు చేసుకుంటున్నాం, ఏం రాయాలో తోచడం లేదని ఆ అమ్మాయి అడిగింది. ‘ఆర్ట్స్’ తీసేసి ‘డిజిటల్’ అని పెడదామని తనకుందట. నాకు అనిపించింది అనిపించినట్టు చెప్పాను. మగ్గు కోసం ఎవరూ మిమ్మల్ని వెతుక్కుంటూ రారమ్మా, బోర్డు చేయించుకున్నవాళ్లే పక్కనే ఉన్నారని మగ్గు కూడా తీసుకుంటారు. పైన పెద్దగా ‘తెలుగు బోర్డులు రాయబడును’ అని పెట్టండి, మిగతావి తలుపు పక్కన చిన్నగా ఉంటే చాలు అన్నాను. ఆర్టిస్టు గారు ఏమీ అనలేదు. కుంచె పట్టి ఎన్నాళ్లయిందో అంటూ వేళ్లు చూసుకున్నారు. కాసేపయ్యాక, “రాయబడును అని పెడితే చేత్తో రాయమంటారేమో” అన్నారు. “అడగనీ నాన్నా, రాద్దువుగాని” అంది కూతురు.

ఇంకా తేల్చుకున్నట్టు లేదు. పోయిన వారం అటు వెళ్తే పదిహేడు పేర్ల బోర్డు ఇంకా అలాగే ఉంది, కానీ లోపల గోడకి ఆనించి పాత నీలం రేకు కనిపించింది. తుప్పు గీకేసి ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లు ఉదయం పదకొండు లోపు వెళ్లండి, ఆ తర్వాత ఆయన బిగింపు పనులకి బయటికి పోతారు. కొట్టు ముందు భాగం కొలతలు, రోడ్డు అవతల నుంచి తీసిన ఫొటో తీసుకెళ్లండి. పేరు మాత్రం ఫోన్‌లో చూపించొద్దు, ఇంటి దగ్గరే కాగితం మీద చేత్తో రాసుకుని వెళ్లండి.